రెండు వైన్ల మధ్య

కొండల్లోని పేరున్న వైనరీ యజమాని త్రినాథరావుగారు అక్కడ ఏం తాగితే, నాలుకకు బిళ్ల అంటించుకున్న మాకందరికీ ఆ రుచి ఇక్కడ విశాఖలో తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ వాళ్లందరినీ కూడగట్టింది నేనే కాబట్టి నాకు కాలు నిలవడం లేదు.

తెర మీంచి మమ్మల్ని చూస్తూ ఆయన మొదటి వైన్ తాగారు.

“ఎలా ఉంది పిన్నిగారూ?” అన్నాను ఆత్రంగా.

“పుల్లగా ఉందమ్మా,” అన్నారు పై అంతస్తు హైమావతిగారు మొహమాటం లేకుండా. మిగతావాళ్లు ఆవలిస్తున్నారు.

రెండో సీసా తెరిచే ముందు ఆయన నోరు శుభ్రం కావడానికి జగ్గులోంచి ఒక గుక్క నీళ్లు తాగారు.

ఆ నీళ్ల రుచి తగలగానే ఆవలింతలు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి సముద్రపు నీళ్లే శుద్ధి చేసుకుని తాగుతున్న నోళ్లు మావి.

“మా బావి నీళ్లేనండీ,” అన్నారాయన కంగారుగా. “ఇప్పుడు రెండో వైన్...”

“ఆ సీసా పక్కన పెట్టు నాయనా.” హైమావతిగారు తెర దగ్గరికి జరిగారు. “జగ్గులో ఇంకా ఉన్నాయా?”