ఉసిరి తిన్న నోరు

అడవిలో ఏ మందైనా ముసలి జింక రుచి చూసి తలూపితేనే పిల్లల నోట్లో పోసేవారు. అందుకే మందు రుచి చూడాల్సిన రోజు జింక గడ్డిపరక కూడా ముట్టేది కాదు.

ఒకనాడు పిల్లల జ్వరానికంటూ నక్క తేనెమందు తెచ్చింది, దోసెడు ఉసిరికాయలతో సహా. "మీకిష్టమని ఏరుకొచ్చాను తాతా, ముందు ఇవి తినండి" అంది. జింక మురిసిపోయి నమిలింది. ఆపైన మందు చప్పరిస్తే తియ్యగా తగిలింది. తలూపింది.

నాలుగు రోజులకే కుందేలు పిల్ల జ్వరంతో కన్నుమూసింది. మిగిలిన మందును తల్లి తెచ్చి జింక ముందు పెట్టింది. జింక నాలుక ఆనించింది. ఉత్త చెరువు నీళ్లు!

"ఆ రోజు తియ్యగానే ఉందమ్మా! నక్క ఇచ్చిన ఉసిరికాయలు తిని..." అంటూనే ఆగిపోయింది.

"ఉసిరికాయ తిన్న నోటికి ఏ నీళ్లు తియ్యగా ఉండవు తాతా?" అంది కుందేలు.