పొడిబట్ట

వాన వెలిసినా పవర్‌హౌస్ గోడలు ఇంకా చెమరుస్తూనే ఉన్నాయి. యంత్రం ఆపి, తడిగాలి రాకుండా తలుపుకు లోపల గడియ పెట్టి, ఏసోబు కందిలి వెలుగులో పింగాణీ గిన్నెలు తుడవసాగాడు. పెద్ద తీగలను మోసేవి అవే. వాటి మీద తడిదుమ్ము మిగిలితే, యంత్రం తిరగ్గానే తీగ మీంచి ఇనుప చట్రానికి మంట దూకుతుంది. పోయిన వానాకాలం అన్న ఇస్రాయేలు ఆ మంటకే పోయాడు.

కుడిచేత్తో తుడవాలి, ఎడమచెయ్యి వీపు వెనకే ఉండాలి. రెండు చేతులూ ఆనితే కరెంటు గుండెలోంచి పోతుందని అన్న నేర్పిన పద్ధతి. గుడ్డ తడిసినప్పుడల్లా ఆ వెనక చేతిలో అన్నే పొడిది పెట్టేవాడు.

చివరి గిన్నె దగ్గర గుడ్డ తడిసిపోయింది.

"సుక్కమ్మా, జర పొడిబట్ట తెచ్చియ్యే!" అని పక్కనే తమ ఇంట్లో ఉన్న భార్యను కేకేశాడు.

ఆగిన యంత్రం వైపు నుంచి సన్నగా బుసలాంటి చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం. వీపు వెనక చేతిలోకి మెత్తని పొడిబట్ట వచ్చింది.

"జల్దీనే తెచ్చినవే" అన్నాడు, తల తిప్పకుండానే.

తలుపు దబదబమంది.

"గడియ తియ్యవయ్యా! బట్ట తెచ్చిన" అంది బయట నుంచి సుక్కమ్మ.

ఏసోబు బట్టను లాగాడు. వెనక పట్టుకున్న వేళ్లు వదల్లేదు.