బిట్‌కాయిన్ మనిషి

ఫోన్ ఇంకా మోగలేదు.

వినోద ఒడిలో బీడీల చాట. చేతిలో తునికాకు. చూపంతా ఫోన్ మీదే. చాట దించి వాకిట్లోకి పోయింది. సిగ్నల్ చూసుకుంది. వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది.

"ఏమే, ఒక్కకాడ కూసుండరాదా?" బీడీకి దారం చుడుతూ కసిరింది అత్త బుచ్చవ్వ. "నా కొడుకు కంప్యూటర్ కొలువని ఏజెంటు ఎంట దేశంగాని దేశం పోయిండు. పోయినకాడి నుంచి పత్తా లేదు. వాని ఫికర్ లేదు నీకు. గా బిట్‌కాయిన్‌గాడు ఫోన్ చేయకుంటే మాత్రం పానం ఆగది!"

ఫోన్ మోగింది. వినోద దొడ్లోకి ఉరికింది. ఆ మనిషి ఫోన్ ఆమె ఎన్నడూ అందరి ముందు ఎత్తలేదు. అత్త అనుమానానికి అదే పెద్ద ఆధారం.

"నమస్తే మేడం. బిట్‌కాయిన్ పెట్టుబడి గురించి..."

"చెప్పు. నిన్న యాడిదాంక వచ్చినం?"

"దీనికి బ్యాంకు ఉండదు మేడం. మేనేజర్ ఉండడు. లోకం మీద వేల కంప్యూటర్లుంటాయి. ఎవరు ఎంత పంపారో అన్నింట్లో ఒకే లెక్క ఉంటుంది. ఒక్కడు దొంగలెక్క రాస్తే మిగతావి ఒప్పుకోవు."

"మేనేజర్ లేని బ్యాంకా! మంచిగనే ఉన్నది. సంతకాలకు తిప్పేటోడు ఉండడు. నా పేరు రాస్తరా అండ్ల?"

"పేరు ఉండదు. పొడుగాటి నంబరు ఉంటుంది. దాన్ని ఎవరైనా చూడొచ్చు. వెనక ఉన్న మనిషి ఎవరో మాత్రం కనబడదు."

"కనబడకుంటే మాయె." వినోద గోడకు ఆనుకుంది. "తిన్నవా?"

"మా సార్ పక్కనే ఉన్నారు మేడం. కాల్ రికార్డ్ అవుతుంది."

"కానియ్యి. నేనేమన్న దొంగముచ్చట చెప్తున్ననా? మా బిడ్డకు ముంగటి పన్ను ఊడింది. నవ్వితే నోట్లె కిటికీ తెరిచినట్టున్నది. మా అత్తకు మోకాళ్ల నొప్పి గట్లనే ఉన్నది. తిట్టుడు మాత్రం తగ్గలే."

"...చెప్పండి మేడం."

"నేనేం చెప్పాలె? నువ్వే మల్ల మొదటి నుంచి చెప్పు. నాకు సమజ్ కాలే."

రోజూ ఇదే తంతు. అతను చెబుతాడు. ఆమెకు అర్థం కాదు. మైనింగ్ అంటాడు. బొగ్గుబాయి లెక్కనా అంటుంది. బొగ్గు కాదు మేడం, కంప్యూటర్లు పోటీపడి లెక్క కడతాయి, గెలిచినదానికి కొత్త నాణేలు దొరుకుతాయి అంటాడు. మళ్లీ చెప్పమంటుంది. చాటలో ఆకు ఎండిపోతుంది.

బుచ్చవ్వ ఊరుకోలేదు. బస్టాండు పక్కన సెల్ షాపు నడిపే కొండల్‌ను పిలుచుకొచ్చింది.

"వదినె, గిది పక్కా మోసం," అన్నాడు కొండల్. "బిట్‌కాయిన్ నిజమే గాని, అమ్మేటోడు నిజం గాదు. ఒక్కసారి నొక్కి పైసలు పంపినంక బ్రహ్మదేవుడు గూడ ఎనుకకు తేలేడు."

"తెలుసు."

"తెలిసి గూడ మాట్లాడుతున్నవా? పోలీసులకు చెప్పరాదు?"

"ఏజెంటు మీద కేసు పెడతనంటె రేపు రమ్మన్నరు. గా రేపు ఇంక రాలే."

కొండల్ తల గోక్కున్నాడు.

మర్నాడు ఫోన్లో ఆ మనిషి గొంతు తగ్గి ఉంది. "మేడం, ఈ వారం మీరు పెట్టుబడి పెట్టకపోతే మీ ఫైలు వేరే కంపెనీకి అమ్మేస్తారు. అక్కడ తెలుగు ఉండదు. మీకు ఇక ఫోన్ రాదు."

ఇంకొకరైతే పీడ పోయిందని చెంబెడు నీళ్లు తాగేవాళ్లు. వినోద చొప్పదండిలో బస్సెక్కి కరీంనగర్‌లో దిగింది. మెడలో పుస్తెలతాడు తీసి బంగారం దుకాణం బల్ల మీద పెట్టింది.

"కుదువ పెడతవా, అమ్ముతవా?" అన్నాడు సేటు.

"అమ్ముడే."

పైసలు బ్యాంకులో పడ్డాయి. ఆమె తిరిగొచ్చి కొండల్ షాపులో కూర్చుంది. బ్యాంకు నుంచి అవి అతను పెట్టించిన యాప్‌లోకి పోయి బిట్‌కాయిన్ అయ్యాయి. ఆ మనిషి పంపిన పొడుగాటి నంబరు తెర మీదికొచ్చింది.

"నా చేతులతోని నిన్ను బాయిల తోస్తున్న వదినె," కొండల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకా టైం ఉన్నది."

"లేదు," అని వినోద నొక్కేసింది.

లెక్కల్లో ఎక్కడానికి పది నిమిషాలైనా పడుతుందట. ఆమె షాపులో నుంచి రోడ్డు మీదికి, రోడ్డు మీద నుంచి షాపులోకి తిరిగింది. చాయ్ తెప్పిస్తే ముట్టలేదు.

"ఎక్కింది," అన్నాడు కొండల్ నీరసంగా. "ఇగ ఎనుకకు రాదు."

"రావద్దు."

ఫోన్ మోగింది. ఆమె రోడ్డు దాటి అవతలికి పోయి ఎత్తింది.

"అందింది మేడం. సార్ ఖుషీ అయ్యారు. మీ ఫైలు ఇక్కడనే ఉంటుంది. రేపు మళ్లీ చేస్తాను."

వినోద అక్కడే మైలురాయి మీద కూలబడింది. పొద్దటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది.

ఇంటికొచ్చేసరికి ఆమె మెడలో పసుపుదారం, దానికి పసుపు కొమ్ము. బుచ్చవ్వ చూసింది. చాట ఎగిరి వాకిట్లో పడింది. బీడీలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"మొగడు బతికుండంగనే పుస్తెలతాడు గా ఊరూపేరూ లేనోనికి ధారవోసినవా! ఎవడే వాడు? వాని మొకమన్న చూసినవా? వాడెవడో ఎరుకేనా నీకు?"

వినోద పసుపు కొమ్మును కళ్లకద్దుకుంది.

ఆ మెడలో తాడు కట్టినవాడి గొంతును ఆమె మొదటి రోజు, మొదటి 'నమస్తే మేడం'కే గుర్తుపట్టింది.