గోడలోని అరచేయి

ఇంజనీరుగారూ, బాటసారులు దిగే పాత సరాయిని మీరు పరిశోధనశాలగా మారుస్తుంటే, గోడమట్టిలో ఒత్తిన ఒక ఆడదాని అరచేయి బయటపడింది. దానికి అద్దం బిగించి, కింద పేరు రాస్తామన్నారు.

ఆ గోడ మెత్తింది నా మొగుడు. మా బుఖారాలో మేస్త్రీ ఆఖరి పూతలో తన ఇల్లాలి చేయే ఒత్తిస్తాడు. అందుకే నా పేరు, సలోమత్ అని రాయమన్నాను.

"చేయి ఆనించండవ్వా," అన్నారు మీరు.

గోడలో చిటికెన వేలు సగమే ఉంది. నాకు అయిదూ నిండుగా ఉన్నాయి.

"వయసులో నా చేయి వేరు, నాయనా."

"ముసలితనంలో వేలు మొలిచిందా అవ్వా? మరి ఇది ఎవరిదో తెలుసా?"

"తెలీదు."

అబద్ధమాడాను. అదెవరో పెళ్లయిన ఏడే తెలిసింది. తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. దాని పేరు చెప్పను. నా పేరే రాయండి. కుదరదంటే, నా చిటికెన వేలూ సగం కోయించుకొని వస్తాను.