పెద్దడాక్టరు పెన్సిలు

పిల్లల ఆస్పత్రిలో కొడుకును కనిపెట్టుకుని ఉన్న ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం, పెద్దడాక్టరు జేబులోంచి పెన్సిలు తీయడం. ఇక మందులు పనిచేయవని తేలిన పిల్లల బొమ్మలే ఆయన గీస్తారు. గీసి తల్లి చేతిలో పెడతారు. నాలుగో మంచం పాపను సోమవారం గీశారు. బుధవారానికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచారు.

ఇవాళ ఆయన సరిగ్గా ఆమె కొడుకు మంచం ఎదుటే స్టూలు లాక్కుని కూర్చున్నారు. అట్ట మీద కాగితం పెట్టి పెన్సిలు తీశారు.

ఆమె లేచి బాబుకు అడ్డంగా నిలబడింది.

"వద్దు సార్! మీ కాళ్లు పట్టుకుంటాను. వీడి బొమ్మ గీయొద్దు."

"కాస్త పక్కకు జరగమ్మా. అడ్డొస్తున్నావు."

"జరగను. పొద్దున గ్లాసుడు పాలు తాగాడు సార్. కక్కలేదు కూడా."

పక్క మంచం దగ్గర మనవడికి తోడున్న అవ్వ అందుకుంది. "దాని మాట పట్టించుకోకండి బాబూ. ఊపిరి ఆడుతోందో లేదోనని ఇరవైనాలుగ్గంటలూ పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంటుంది. ఆ వేలు అడ్డం వల్లే వాడికి ఊపిరాడటం లేదు."

డాక్టరు నవ్వారు. "నిన్న రెండు రిపోర్టులు చూశాను తల్లీ. మీవాడిది బాగుంది. రేపు ఇంటికి తీసుకుపో."

"నిజంగానా?"

"నిజంగానే."

"మరి ఈ గీయడం ఎందుకు సార్?"

"అలవాటు."

రెండో రిపోర్టు ఎవరిదని ఆమె అడగలేదు. అడిగే తీరిక ఎక్కడిది? ఏడుస్తూనే బాబు చొక్కాలు మడతపెట్టి సంచిలో కుక్కసాగింది. ఆయన మంచం వైపు చూడటం, గీయడం, మళ్లీ చూడటం. చివరకు కాగితం నాలుగు మడతలు పెట్టి అందించారు.

"నీ దగ్గర ఉంచమ్మా. మా ఇంట్లో దాచుకునేవాళ్లు లేరు."

విప్పడానికి భయమేసి, ఆమె దాన్ని చొక్కాల కిందకు తోసేసింది.

మర్నాడు ఇంటికి చేరి, బాబును పడుకోబెట్టాక విప్పింది. అందులో బాబు లేడు. వాడి మంచం వెనక గోడకున్న అద్దంలోకి చూస్తూ ఆయన గీసుకున్నది తన ముఖమే. పసివాణ్ణి వదిలి ఆమె కదిలే వీల్లేదు. ఆ ఆస్పత్రి వైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే, ఆయన ఉన్నారో లేరో కాస్త చూసి రండి.