అన్నప్రాసన నాటి ఎంపిక

కబడ్డీ జట్లు ఆటగాళ్లను అన్నప్రాసన నాడే ఏరుకునే రోజులవి. సుభాషిణి ఎనిమిది నెలల కొడుకు ముందు పుస్తకం, బంగారం పెట్టింది. వాటికీ పిల్లాడికీ మధ్య, ఇటు రైడర్ల ఎర్ర జెర్సీ, అటు డిఫెండర్ల నీలం జెర్సీ పరిచాడు సెలెక్టరు. జెర్సీ ముట్టుకుని జట్టుతో వెళ్లిన పిల్లాడెవడూ మళ్లీ ఇంటికి రాలేదు. అందుకే ఆమె పుస్తకం అట్టకు ముందే బెల్లప్పాకం రాసిపెట్టింది.

పసివాడు రెండు జెర్సీల నడుమ నుంచి దూరి పుస్తకం మీద చెయ్యేశాడు. సుభాషిణికి ప్రాణం లేచొచ్చింది.

“ఇటూ అటూ తగలకుండా ఎలా దూరాడో చూశారా! రైడరేనండీ,” అంటూ సెలెక్టరు వాణ్ణి ఎత్తుకున్నాడు.

సుభాషిణి చటుక్కున బిడ్డ చీలమండ ఒడిసిపట్టుకుంది; అతనెంత గుంజినా వదల్లేదు.

సెలెక్టరు ఆ చేతినే మెచ్చుకోలుగా చూశాడు. “పట్టు భలేగా ఉందమ్మా. మీకు ఈసారి పుట్టేవాణ్ణి డిఫెండరుగా రాసుకుంటున్నాను.”