టోపీ మీది పేరు

ఎనభై రెండులో, ఎండలు ముదరకముందు, గార్ల స్టేషన్లో ప్యాసింజర్ దిగిన సురేందర్ చేతిలో ఒక సంచి ఉంది. సంచిలో ఒక పసుపుపచ్చ టోపీ ఉంది, పనిలో తలకు పెట్టుకునే గట్టిది. గొంతులో ఒక మాట ఉంది. టోపీ ఇవ్వాలి, మాట చెప్పాలి, సాయంత్రం బండికే తన ఊరు లింగాల ఘనపూర్ మళ్లిపోవాలి. దారి పొడుగునా అనుకున్నది అంతే.

మాట చిన్నదే. "అవ్వా, దయాకర్ లేడు."

ఇద్దరూ సౌదీలో కొరియా వాళ్ల కంపెనీలో ఇనుప చువ్వలు కట్టే పని చేశారు. ఒకే గదిలో పడుకున్నారు, ఒకే గిన్నెలో వండుకున్నారు. దయాకర్ పై అంతస్తు నుంచి జారి పడ్డాడు. అక్కడి ఇసుకలోనే పెట్టేశారు. చావు కాయితం ఇంటికి పంపొద్దు, వాళ్ల అవ్వకు నేనే పోయి చెప్తానని సురేందర్ మేస్త్రీని బతిమాలుకున్నాడు. ఆ కొరియా మేస్త్రీ తలయితే ఊపాడు. సగమన్నా అర్థమైందో లేదో దేవునికెరుక.

దయాకర్ తల్లి బుచ్చవ్వ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది.

"నేను సురేందర్‌ను అవ్వా. దయాకర్ దోస్తును."

ఆమె తలెత్తి చూసింది. అట్లనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, చెంబుతో నీళ్లిచ్చి, "కూసుండు బిడ్డా, ఇప్పుడే వస్త" అని పక్కింటికి పోయి వచ్చింది.

సురేందర్ సంచిలోంచి టోపీ తీశాడు. "అవ్వా..."

"దాని మీద రాసింది ఏంది బిడ్డా?"

"దయాకర్ పేరు. కొరియా అక్షరాలు. మేస్త్రీ రాసిండు."

"నీకు వస్తదా ఆ సదువు?"

"వస్తది. పని అయినంక కాంపుల నేర్పిండ్రు."

"అయితే నాకు నేర్పు. నా కొడుకు పేరు నేనే సదువుకుంట."

ఆమెకు తెలుగు అక్షరమే రాదు. వేలిముద్ర మనిషి. అయినా సురేందర్‌కు ఊపిరాడినట్టయింది. చెప్పాల్సిన మాట కాసేపు వెనక్కి జరిగింది కదా. ఆ సాయంత్రం బండి పోయింది. మర్నాడు బండీ పోయింది.

చాటలో బియ్యప్పిండి పరిచి వేలితో రాయించాడు.

"ఇగో, ఒక దిక్కు తలుపు తీసిన దొడ్డి లెక్క ఉన్నది చూడు. పక్కన నిలువు కట్టె, దానికొక కొమ్మ. కలిపితే ద."

"దొడ్డి మంచిగనే ఉన్నది. బర్రె ఏది?"

"బర్రె లేదవ్వా. ముందుకు నడువు. ఇది సున్న. పక్కన రెండు కొమ్మల కట్టె. కలిపితే య."

"కట్టె సరే. సున్న ఏమని పలుకుతది?"

"ఏం పలుకది."

"పలుకంది ఎందుకు మరి?"

"జాగ ఖాళీగ ఉండొద్దని."

బుచ్చవ్వ ఆ సున్న మీదే వేలు తిప్పింది, తిప్పింది, పిండి చెదిరి కింద చాట కనబడేదాకా.

పక్కింటి పాపయ్య దడి మీదుగా తొంగి చూశాడు. "ఏంది బుచ్చక్క, విమానం ఎక్కుతున్నవా?"

"ఎక్కుత. నీకు సిల్కు అంగీ తెస్త. కొలత ఇయ్యి."

పాపయ్య నవ్వబోయి, ఎందుకో మొఖం అటు తిప్పుకుని పోయాడు.

ఇప్పుడు చెప్తా అనుకుంటాడు సురేందర్. అన్నం పెడుతుంటే అనుకుంటాడు, పక్క పరుస్తుంటే అనుకుంటాడు. "అవ్వా, దయాకర్..." అని మొదలుపెట్టగానే ఆమె చాట ముందుకు జరుపుతుంది. "దయ దాక అయింది. తర్వాతది చెప్పు." నా కొడుకు ఎట్లున్నడని ఒక్కసారన్నా అడగలేదు. అడిగితే చెప్పేసేవాడే. అడగనందుకు లోలోపల దండం పెట్టుకున్నాడు.

కొడవలికి నడుమ గీత పెట్టి క కూడా నేర్చుకుంది. చివరి అక్షరం దగ్గరే తిప్పలొచ్చింది. కొరియా వాళ్లు ర్ అని ఊరుకోరు, రు అంటారు. అదీ మూతి ముడిచి అనే రు కాదు.

"పెదిమలు రెండు దిక్కులకు గుంజాలె అవ్వా. నవ్వినట్టు మూతి పెట్టి అనాలె."

బుచ్చవ్వ పెట్టి చూసింది. పెదిమలు వణికాయి, కిందికి జారాయి.

"నాతోని కాదు బిడ్డా. గిదొక్కటి ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితే పేరు పూర్తి కాదవ్వా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపించింది. కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చి, "పొగ" అంది. మళ్లీ చాట ముందు కూర్చుంది.

సెలవు అయిపోవచ్చింది. బొంబాయి పోయి విమానం ఎక్కాలి. పోయే రోజు పొద్దున బుచ్చవ్వ టోపీ ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం మీద వేలు ఆనించింది.

"ద. య. క. రు."

నవ్వినట్టే మూతి పెట్టి చదివింది. చదవడం అయిపోయినా ఆ మూతి అట్లనే ఉంచింది.

సురేందర్ ఇక ఆగలేకపోయాడు. "అవ్వా, నీకొక ముచ్చట చెప్పాలె."

"బండి యాళ్లయింది, పో బిడ్డా." సంచిలో తొక్కు సీసా పెట్టి, అతని తల నిమిరింది. "మీద ఎక్కి పనిచేసేటప్పుడు జర పైలం."

స్టేషన్ దాకా పాపయ్య తోడు వచ్చాడు. బండి కూత వేసేసరికి సురేందర్ అతని చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. "బాపూ, నాతోని కాలేదు. దయాకర్ సచ్చిపోయిండు. అవ్వకు నువ్వే చెప్పాలె."

పాపయ్య ఆ చెయ్యి విడిపించుకోలేదు.

"కంపెనీ కాయితం ఎప్పుడో వచ్చింది, వాని దినాలు పోయిన నెలనే చేసినం బిడ్డా, నువ్వు వాకిట్ల నిలవడంగనే నీ మొఖం చూసి, గా మాట నీతోని చెప్పియ్యొద్దని బుచ్చక్కనే మా అందరితోని ఒట్టు ఏయించుకున్నది."